బెత్తెడు చోటు

ఇంగ్లండులోని నార్ఫోక్ తీరంలో పొద్దున్నే సముద్రం మీది మంచు ఊళ్లోకి నడిచి వస్తుంది. ముందు బురదనేలలను, తర్వాత చర్చి గోపురాన్ని, చివరికి లాంబర్ట్ థర్కెటిల్ షెడ్డును తనలో కలిపేసుకుంటుంది. అలాంటి పొద్దుల్లో లోపలున్న పసుపుపచ్చ కారు నేలకు జానెడెత్తున తేలుతున్నట్టు కనిపించేది.

మనిషి నడుము దాటని ఎత్తు, రెండే సీట్లు. ఇంజన్ సీట్ల వీపులకూ వెనక చక్రాలకూ మధ్యన ఉంటుంది. బరువు నడిమధ్యన ఉన్న బండి మలుపులో గిరుక్కున తిరుగుతుందని దాన్ని చేసినవాళ్ళ నమ్మకం. లాంబర్ట్, ఏవిస్ పెళ్ళైన ఏడాదే దాన్ని కొన్నారు. అతను చక్కెర దుంపలు పెరికే యంత్రాలను బాగుచేసేవాడు, ఆమె ఊరి బడిలో వంట చేసేది. ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ సముద్రపు గట్టు దాకా వెళ్ళి, కారు దిగకుండానే, ఏవిస్ మోకాళ్ళ మీద గళ్ళ దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో టీ తాగి వచ్చేవారు. సముద్రం చూడబోయి కారు దిగకపోవడమేమిటని, ఈ ఊరికి కాపురమొచ్చిన కొత్తలో నేను నవ్వుకున్నాను. ఏళ్ళు గడిచాక నాకూ అదే అలవాటైంది.

నిరుడు చలికాలం పాత ఇంజన్ దిమ్మ పగిలింది, అదీ అతుకు వేసిన చోటే. ఇక కొత్తకాలపు ఇంజన్ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

“కరెంటు మోటారు పెట్టరా. పిల్లి నడిచినట్టు పోతుంది,” అన్నాడు కబిట్. ట్రాక్టర్లమ్మి రిటైరైన పాత స్నేహితుడు.

“పిల్లి కావాలంటే పిల్లినే పెంచుకుంటా. నోర్మూసుకుని టీ తాగు.”

“పోనీ జపాన్ వాళ్ళ నాలుగు సిలిండర్లది. చిన్నది, తేలిక. మా అల్లుడి బండిలో ఉంది, ఇన్నేళ్ళలో తుమ్మనైనా తుమ్మలేదు.”

“మీ అల్లుడు శవయాత్రకి పోయినట్టు నడుపుతాడు, తుమ్మెందుకొస్తుంది? నాకు ఆరు సిలిండర్లది కావాలి.”

పడుచుతనంలో కొండదారి కార్ల పందెంలో విన్న ఆరు సిలిండర్ల పాట అతని చెవుల్లోంచి పోలేదు.

అసలు ఇంజన్ కొనేముందు దాని కొలతలతో చెక్క ఇంజన్ ఒకటి చేసి, గొలుసుతో కారులోకి దించి చూడటం అతని పద్ధతి. నేను తిరిగిన రేవుల్లో పడవలవాళ్ళూ, పోతపనివాళ్ళూ ఇంతే. ఇనుముకన్నా ముందు చెక్కకు కల వస్తుందనుకుంటాను.

ఆరు సిలిండర్ల చెక్క ఇంజన్ అన్నివైపులా కుదిరింది, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఒక్కటి తప్ప. ఏవిస్ కూర్చునే ఎడమ సీటు వెనకున్న రేకు గోడను బెత్తెడు ముందుకు జరిపితే సరిపోతుంది. గోడతోపాటు సీటూ జరుగుతుంది. సీటు వెనక బెత్తెడు మందం చెక్క పెట్టి, ఏవిస్‌ని కూర్చోమన్నాడు. ఆమె పొడుగు మనిషి. గొడుగు ముడిచినట్టు కాళ్ళు ముడుచుకుంది.

“ఎలా ఉంది?”

“బాగుంది. ఫర్వాలేదు.”

రైలు రాకపోయినా, పన్ను పీకుతున్నా ఇక్కడివాళ్ళు అనే మాట అదే. లాంబర్ట్ పుట్టినప్పటినుంచీ ఆ మాట వింటున్నవాడే, అంటున్నవాడే. కానీ ఆ రోజు అతని చెవుల్లో ఆరు సిలిండర్లు మోగుతున్నాయి. గోడ కోయడానికి సున్నంతో గీత గీసేశాడు.

శనివారం చర్చి హాల్లో పాత సామాన్ల అమ్మకం. కబిట్ ఒక గళ్ళ దుప్పటి ఎత్తి పట్టుకున్నాడు. “ఇది మీ కార్లోది కాదురా?”

లాంబర్ట్ దాన్ని తీసుకుని తిన్నగా కేకుల బల్ల దగ్గరికి వెళ్ళాడు. బల్ల వెనక ఏవిస్ ఉంది.

“ఇదెందుకు ఇక్కడ?”

“ఎవరికైనా పనికొస్తుందని.”

“మనకో?”

“ఇక నువ్వొక్కడివే వెళ్తావుగా. నీకు చలెప్పుడేసింది?”

“బాగుందన్నావుగా!”

“నువ్వంత సంబరంగా అడిగితే ఏమనమంటావు? జరుగు, వెనక జనం ఉన్నారు. మీకు నిమ్మకాయ కేకు ఇవ్వనా?” ఆ చివరి మాట అతని వెనక వరుసలో ఉన్న నాతో.

తర్వాతి వారమంతా షెడ్డులోంచి రంపం చప్పుడు. గోడ కోసేస్తున్నాడని కబిట్ నిట్టూర్చాడు. ఆదివారం వెళ్ళి చూస్తే గోడ గోడలాగే ఉంది, సున్నపు గీత చెరిపేసి ఉంది. సీట్ల వెనక కొత్త చెక్క ఇంజన్, మొదటిదానిలో సగం ఉంటుందేమో, ఒదిగి కూర్చుంది.

“ఆ జపాన్‌ది ఎక్కడ దొరుకుతుందో మీ అల్లుణ్ణి అడుగు,” అన్నాడు లాంబర్ట్.

“శవయాత్రకేనా?”

“అడగరా బాబూ.”

ఏవిస్ కోటు వేసుకుని వచ్చింది. కారులోకి జారి కూర్చుంది. పక్కన లాంబర్ట్ కూర్చున్నాడు.

“ఈసారి నిజం చెప్పు.”

ఆమె సీట్లో అటూ ఇటూ కదిలి చూసింది. బయట మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

“సీటు గట్టిగా ఉంది. అద్దం వంకరగా ఉంది. నీ మోచెయ్యి తగులుతోంది.”

“ఇంకా?”

“కారంతా ఎలుకల కంపు.” కాళ్ళు బారజాపుకుంది. “కాళ్ళకి మాత్రం హాయిగా ఉంది.”

తన కారును ఎవరైనా తిడుతుంటే లాంబర్ట్ అంత మురిసిపోవడం నేనెన్నడూ చూడలేదు.

“మరి కదలవేం? గట్టు మలుపులో మాత్రం నెమ్మది, చెప్తున్నా.”

వెనకున్నది చెక్క ఇంజనే అయినా అతను గేరు వేశాడు. ముందు ఏమీ కనిపించడం లేదు, మంచు పరిచిన తెల్లటి దారి తప్ప. కబిట్, నేను గుమ్మానికి అడ్డం తొలగి నిలబడ్డాం.