చంద్రకాంత కింద ఐదు జొన్నలు

ఊరు దాటి వెళ్లేవాడి జేబులోని దస్తీ కొసకు ఐదు పచ్చజొన్న గింజలు ముడివేయడం మా అమ్మ అలవాటు. సంగారెడ్డి సంతకు పోయినా ముడి ఉండాల్సిందే. పరాయి చోట మంచి పూలమొక్క కనిపిస్తే దాని గింజ అడక్కుండా తెంపుకోవాలి, అడిగి తెచ్చింది మొలవదు. తెంపుకున్నాక ఆ మొక్క మొదట్లో మన గింజ పెట్టి రావాలి, పెట్టకపోతే అది దొంగతనం. ఇదీ ఆమె చట్టం. మా వాడలో సగం పూలమొక్కలు అలా వచ్చినవే.

డెబ్బైల చివర్లో నేను చైనాకు బయల్దేరినప్పుడు కూడా కట్టింది. అప్పుడు పటాన్‌చెరు దగ్గర పరిశోధన క్షేత్రంలో జొన్న విభాగంలో పని చేస్తున్నాను. ఆ క్షేత్రంలో ఒక మూల ఒకప్పుడు మా చెలకే. భూమి పోయింది, నాకు నౌకరీ వచ్చింది. మా సారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, జొన్న అంటే ప్రాణం. చలికి తట్టుకునే రకాలు చైనావాళ్ల దగ్గర ఉన్నాయని రెండేళ్లు ఉత్తరాలు రాసి రాసి వాళ్లను ఒప్పించాడు. ఇంగ్లీషు సరిగా రాని నన్ను వెంట తీసుకెళ్లడానికి మాత్రం మా పైవాళ్లు ఒప్పుకోలేదు. "మొక్కను చూసి జబ్బు చెప్పగలిగేది ఇతనే, ఇతని బాధ్యత నాది," అని రాసిచ్చాడట. ఆ సంగతి నాకు బయల్దేరే రోజు తెలిసింది.

సూచౌ నగరంలో చివరి రోజు. మధ్యాహ్నం మూడింటికి సంతకాలు, తర్వాత విత్తనాల సంచులు మా చేతికి. పొద్దున్నే తనిఖీ అధికారి మా గదికి వచ్చాడు. పొట్టి మనిషి, నవ్వు ఎరగని ముఖం. మా జోళ్ల అడుగున ఉన్న మట్టి కూడా గీకించాడు. మా వెంట ఒక్క గింజ కూడా తేలేదన్న కాగితం మీద సారు ఇద్దరి తరఫునా సంతకం చేశాడు. దస్తీ నా జేబులోనే ఉంది. నిజం చెబుతున్నాను, ఆ ముడి నాకు గుర్తు రాలేదు. రోజూ విత్తనాల పొట్లాలకు చీటీలు అంటించి, అలాంటి కాగితాలు నింపే నాకే గుర్తు రాలేదు. నా దృష్టిలో అది విత్తనం కాదు, అమ్మ కట్టిన ముడి.

ఇంకా సమయం ఉందని అధికారి మమ్మల్ని ఒక పాత తోట చూపించడానికి తీసుకెళ్లాడు. కొన్ని వందల ఏళ్ల కిందట కొలువు వదిలేసిన ఒక పెద్ద ఉద్యోగి కట్టుకున్నదట. బయట తెల్ల సున్నం గోడ, ఇంతేనా అనిపించింది. లోపల చెరువు, చుట్టూ వసారాలు, నీళ్లు తొలిచిన బండలు, ఎక్కడా తిన్నగా పోని వంతెన. ఎటు నడిచినా అదే చెరువు ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. నాకు చిరాకేసింది. ఇన్ని నీళ్లు పెట్టుకుని నాలుగు మళ్లు కూరగాయలైనా వేసుకోలేదేమని.

"చూశావటయ్యా, ఇంత చిన్న జాగాలో ఎంత దూరం నడిపిస్తున్నాడో," అని సారు మురిసిపోతున్నాడు.

గుండ్రని గుమ్మం పక్కన నేను ఆగిపోయాను. చంద్రకాంత మొక్క. మా పెరట్లోనూ ఉంది, కాని మాది ఉత్త రాణీరంగు. ఇక్కడ ఒకే మొక్కకు పసుపు, ఎరుపు, కొన్ని పూలలో రెండూ సగం సగం. మబ్బు పట్టిన పొద్దు కాబట్టి ఇంకా ముడుచుకోలేదు. గింజలు మిరియాల్లా నల్లగా కూర్చున్నాయి. సారూ అధికారీ మలుపు తిరిగారు. నా చెయ్యి దానంతట అదే పోయింది. రెండు గింజలు తెంపాను, ముడి విప్పాను, ఐదు జొన్నలు మొదట్లో తడిమట్టి మీద పెట్టాను. దండం కూడా పెట్టాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పది అడుగులు వేశాక తెలిసింది. తెంపినవి పారేయొచ్చు. పెట్టినవి? పరాయి దేశపు మట్టిలో మా జొన్న, అదీ సారు సంతకం మీద. మొలకెత్తేదాకా ఎందుకు, ఇప్పుడు ఎవరైనా చూస్తే చాలు, మూడింటికి రావాల్సిన సంచులు రావు. రెండేళ్ల ఉత్తరాలు బూడిదలో పోసిన పన్నీరు. నన్ను నమ్మి రాసిచ్చిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు.

"సార్, జెర ఆగుండ్రి. కడుపుల మంచిగ లేదు," అన్నాను.

"ఇప్పుడా? పదకొండింటికల్లా బయట ఉండాలి. తొందరగా రావయ్యా," అన్నాడు సారు. అధికారి గడియారం చూసుకున్నాడు, నా ముఖం చూశాడు. నా జేబు వైపు కూడా చూశాడేమో, నాకైతే అలాగే అనిపించింది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని వెనక్కి నడిచాను.

వచ్చిన దారి కనిపించలేదు. గుండ్రని గుమ్మాలు ఒకటి కాదు. ఒకదాని వెనక వెదురు, ఇంకోదాని వెనక రాళ్లు. వంతెన మెలికలు తిప్పి నన్ను మళ్లీ చెరువు దగ్గరికే తెచ్చింది. అవతలి ఒడ్డున కిటికీలోంచి వాళ్లిద్దరూ కనిపించారు, అంటే నేనూ వాళ్లకు కనిపిస్తున్నట్టే. పరుగెత్తితే అనుమానం, నడిస్తే ఆలస్యం. ఆ తోట కట్టినవాణ్ని మా భాషలో తిట్టాను. అమ్మనూ తిట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనూ తిట్టుకున్నాను.

నాలుగో గుమ్మం అసలుది. మొక్క ముందు ఒక ముసలి తోటమాలి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన నీళ్ల డబ్బా. అరచేతిలో నా జొన్నలు, ఐదూ.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అతను తలెత్తి నన్ను చూశాడు. ఇక దాచి లాభం లేదని నేను రెండు నల్ల గింజలు తీసి చూపించాను. అతను ఒక్క కేక వేస్తే అయిపోయేది. వసారాలో సారు గొంతు వినిపిస్తోంది, దగ్గరవుతోంది.

అతను కేక వేయలేదు. ఒక జొన్న గింజ తీసి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. టక్కుమంది. కల్లంలో మా నాయన అలాగే కొరికేవాడు, గింజ ఎండిందో లేదో తెలుసుకోవడానికి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, భయంతోనో మరి దేనితోనో. అతను నెమ్మదిగా నమిలి, తల ఊపి, మిగిలిన నాలుగూ నా చేతిలో పోశాడు. నల్ల గింజలు తీసుకుని మట్టిలో గుచ్చి నీళ్లు పోశాడు. నేను వాటిని దస్తీ కొసకు ముడేసి జేబులో కుక్కేసరికి అధికారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముసలాయన అతనితో ఏదో రెండు మాటలన్నాడు. అధికారి నన్ను ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"ఇంతసేపు ఎక్కడికెళ్లావని అడుగుతున్నాడయ్యా," అన్నాడు వెనక నుంచి వచ్చిన సారు.

"తోవ దొరకలే సార్."

మూడింటికి సారు సంతకం చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. ఆయన ముఖం వెలిగిపోతోంది, నా చెయ్యి జేబులో దస్తీ మీదే ఉంది. సంచులు వచ్చాయి. ఈ సంగతి ఆయనకు నేను ఎన్నడూ చెప్పలేదు, ధైర్యం చాలలేదు.

ఇంటికి రాగానే అమ్మ ముడి విప్పింది.

"పూల గింజలేవిరా?"

"తేలేదమ్మా."

"మరి ఒక జొన్న తక్కువున్నదేంది?"

జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. అవి చెలక పోకముందు తీసిన చివరి పంట గింజలు. కుండలో బూడిద కలిపి దాచుకుంది, మళ్లీ వేసుకోవడానికి మాకు భూమి లేదు.

"మన పచ్చజొన్న అని చెప్పినవా ఆయనకు?"

"ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు."

నాలుగు గింజలూ కుండలో వేసి మూత పెట్టింది.

"కొరికిండు గద," అంది. "తెలిసే ఉంటది."