నిమ్మకాయలు తొక్కిన బండ్లు

మొన్న మేడ్చల్ రోడ్డు మీద ఓ కొత్త కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ షోరూం దాటింది. ఆ పులుపు వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఒకప్పుడు అదే రోడ్డు మీద నాయినకు చిన్న ట్రాక్టర్ల దుకాణం ఉండేది. బండి అమ్ముడుపోయిన ప్రతిసారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే పని నాది. ఆ రోజు మాత్రం దుకాణం ఊడ్వనిచ్చేవాడు కాదు నాయిన, లక్ష్మి పోతుందని.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మిగిలిన మూడు ట్రాక్టర్లూ గేటు వైపు తిరిగి ఉన్నాయి. శామీర్‌పేట దాకా పొలాలు ప్లాట్లయ్యాయని, కొనేవాళ్లు లేక కంపెనీ బండ్లను తీసుకుపోతోందని నాకెవరూ చెప్పలేదు. మూడూ ఒకేసారి అమ్ముడుపోయాయనుకుని నిమ్మకాయలు తెచ్చాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను వంగి మొదటి కాయ పెట్టగానే ముందు బండి మీదున్న కంపెనీ డ్రైవర్ ఇంజను ఆపేశాడు.

"గిదేంది సేటూ? వాపస్ పోయే బండ్లకు నిమ్మకాయలా?"

ఆ మాట నా చెవికెక్కలేదు. బిగుసుకున్న నాయిన దవడనే చూస్తున్నాను. కొడతాడనుకున్నాను.

"మిగిలినయి గూడ పెట్టు బిడ్డా," అన్నాడు నాయిన. చెప్పులు విడిచి, ఎప్పటిలాగే కొబ్బరికాయ కొట్టాడు. "పైలంగ తీస్కపోండ్రి," అని మిగతా ఇద్దరు డ్రైవర్లకు తాళాలిచ్చాడు.

బండ్లు కనుమరుగయ్యాయి. నేనింకా సంబరంగానే ఉన్నాను.

అప్పుడు నాయిన మూలనున్న చీపురు తీసి, నలిగిన నిమ్మతొక్కలను ఊడ్వడం మొదలుపెట్టాడు.