బర్కా బావి నీళ్ళు

నేను ఈ అరబ్బు దేశంలో బర్కాకు వచ్చిన కొత్తలో మా తోటకు దారి చెప్పడం సులువుగా ఉండేది. పెద్ద రోడ్డు దిగి సముద్రం వైపు వస్తే ఎడమ చేతికి మామిడి తోట, తర్వాత నిమ్మ తోట, ఆ తర్వాత మాది. ఇప్పుడు సూపర్ మార్కెట్ వెనక, మూడో స్పీడ్ బ్రేకర్ దాటాక, తెల్ల గోడల విల్లాల మధ్య అని చెప్పాలి. మామిడి తోట ఉన్నచోట పిల్లల ఆట సామాన్ల పార్కు వచ్చింది. మాది అంటున్నాను గానీ, ఆ తోటలో నాకు ఒక్క ఖర్జూరం మట్ట కూడా లేదు. పద్నాలుగేళ్ళు నీళ్ళు పెట్టిన చనువు, అంతే.

తోట యజమాని ఒక ముసలాయన. నేను బాబా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను రఫీక్, అంటే నేస్తం, అనేవాడు. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఆ బావి ఆయన చిన్నతనంలో తండ్రితో కలిసి తవ్వింది. తుంటి ఎముక విరిగాక వరండాలో కుర్చీకే పరిమితమైపోయాడు. చూపు కూడా దగ్గరి చెట్ల దాకే ఆనేది.

పొద్దున నా మొదటి డ్యూటీ ఆయనకు బావి నీళ్ళివ్వడం. మోటరు వేసి, పైపులో కాగిన నీళ్ళు వదిలేసి, చల్లటి ధార రాగానే గిన్నె పట్టేవాణ్ణి. ఆయన ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నా వైపు చూసేవాడు.

"పానీ కైసా?"

"మీఠా, బాబా."

మందులు ఎక్కువయ్యాక తన నాలుకను తాను నమ్మడం మానేశాడు. అందుకే నీళ్ళెలా ఉన్నాయో నన్ను అడిగేవాడు. ఒక్కసారే అడిగేవాడు. తియ్యగా ఉన్నాయని నేను చెప్పాక ఆ రోజుకు ఇక ఆ మాట ఎత్తేవాడు కాదు.

చుట్టూ ఇళ్ళు లేస్తున్నకొద్దీ, మిగిలిన తోటల్లో మోటర్లు లోతుకు దిగుతున్నకొద్దీ, సముద్రం భూమి కింద నుంచి మా వైపు జరిగింది. మొదట మా తోట వెనకవైపు మామిడి చెట్ల ఆకుల అంచులు మాడాయి. మరుసటి వేసవికి నిమ్మ చెట్లు ఎండాయి. ఖర్జూరం మొండిది కాబట్టి వరండా ముందు చెట్లు పచ్చగానే కనబడేవి. ఒకరోజు గిన్నె పడుతూ నేనే ఒక గుక్క తాగి, ఉప్పు తగిలి ఉమ్మేశాను. ఆ నీళ్ళు ఆయనకు ఎలా ఇస్తాను? బీపీ మనిషి. ఆ ఒక్క రోజుకని మా రూమ్‌లో తాగే నీళ్ళు తెచ్చి గిన్నెలో పోశాను.

ఆ ఒక్క రోజు రెండేళ్ళు సాగింది. కొత్త విల్లాలకు మంచినీళ్ళు పోసే నీలం ట్యాంకర్ డ్రైవరు కడప సాయిబు. అతనే నాకు రోజూ ఒక క్యాన్ నింపి ఇచ్చేవాడు. వరండాలో వేలాడే మట్టి కూజాలో ఆ నీళ్ళు పోసి ఉంచితే బావి వాసనే వచ్చేది.

"ఏమబ్బా, ఎన్నాళ్ళీ నాటకం? చెప్పేయరాదా ఆ పెద్దాయనకు?" అన్నాడు ఒకసారి.

"చెప్తే పానం వోతదన్నా ఆయనకు."

"చెప్పకుంటే తోట పోతాదిరా నాయనా."

నాకు కోపమొచ్చింది. నీళ్ళు పోసేవాడివి పోసి పో అన్నాను. పాపం, మరునాడు కూడా క్యాన్ నింపాడు.

రెండో చలికాలంలో ఒక శుక్రవారం ముసలాయన పెద్దకొడుకు వచ్చాడు. కొండల వైపు ఒక తోట ఉందట, తియ్యటి నీళ్ళట, దాని యజమాని మా భూమికి మార్పిడిగా ఇస్తానంటున్నాడట. "ఇక్కడి బావి ఉప్పయిపోయింది, బాబా" అన్నాడు. ముసలాయన నవ్వాడు. తోటను ప్లాట్లు చేసి అమ్ముకోవాలని కొడుకుల ఆశ అని ఆయన అనుమానం. నన్ను పిలిచాడు.

"రఫీక్, పానీ కైసా?"

కొడుకు నా ముఖంలోకి చూస్తున్నాడు. మట్టి కూజా నా భుజానికి ఆనుతోంది. ఇప్పుడు నిజం చెబితే రోజూ చెప్పిన అబద్ధం బయటపడుతుంది. ఇంకో మాట కూడా దాచను. తోట పోతే నా వీసా ఏమవుతుందోనన్నదే నా ఆలోచన. జాలితో చెప్పానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ రోజు మాత్రం భయంతోనే చెప్పాను.

"మీఠా, బాబా."

ముసలాయన మార్పిడికి ఒప్పుకోలేదు. కొడుకు కారెక్కాడు. కొండల తోట నెల తిరక్కుండా వేరేవాళ్ళకు పోయింది. మా ఖర్జూరం పిలకలన్నీ అక్కడికి తీసుకెళ్ళి నాటాలనుకున్నారని, నన్నూ తీసుకెళ్ళాలనుకున్నారని తర్వాత తెలిసింది.

వేసవిలో నాకు జ్వరం వచ్చి మూడు రోజులు రూమ్‌లో పడిపోయాను. పక్క తోట పనివాడు వచ్చి, పాపం తెలియక, మోటరు వేసి పైపు దగ్గర గిన్నె పట్టి ఇచ్చాడు. మందుల నోటికి కూడా తెలిసేంత ఉప్పు. నేను లేచి వెళ్ళేసరికి ముసలాయన చక్రాల కుర్చీలో బావి దగ్గరున్నాడు. పక్క తోట మనిషే తోసుకొచ్చాడట. చెట్టు పాదులోంచి తీసిన మట్టి ఆయన గుప్పిట్లో ఉంది. దాని మీద తెల్లటి పొర.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"రెండేళ్ళు, బాబా."

చాలాసేపు ఆ మట్టిని వేళ్ళతో నలిపాడు. కొండల తోట సంగతి తలుచుకుంటున్నాడని నాకు తెలుసు. తిడితే బాగుండునని నిలబడ్డాను.

"నా కొడుకులకు ఈ భూమిలో వాటా ఉంది" అన్నాడు చివరికి. "నీకు లేదు. అందుకే నిన్ను అడిగాను."

సిగ్గుతో ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నాకూ ఒక వాటా ఉందని, అది నా వీసా అని, చెప్పలేకపోయాను.

ఆ ఏడాదే వరండా ముందు చెట్లకూ తలలు వాలాయి. సర్వేవాళ్ళు వచ్చి మేకులు కొట్టారు, బావిని రాళ్ళతో పూడ్చారు. ఇప్పుడు అక్కడే లేచిన విల్లాల్లో ఒకటి పెద్దకొడుకుది. ముసలాయన పైగదిలో ఉంటాడు. నేను కింద గేటు ముందర నాలుగు ఖర్జూరాలకు పైపుతో నీళ్ళు పెడతాను. వాటిని ఎక్కడినుంచో లారీలో తెచ్చి నాటారు. నేనే పైకి మందులు తీసుకెళ్తాను, గ్లాసులో సీసా నీళ్ళు పోస్తాను. ఆయన తాగి గ్లాసు చేతికిస్తాడు. నీళ్ళెలా ఉన్నాయని అడగడు.

జగిత్యాల అవతల మాకు రెండెకరాలుంది, ఒక్క బోరు మీదే బతుకుతోంది. ఎండలు ముదరగానే ఇంటికి ఫోన్ చేసి అడుగుతాను. ఈసారీ అడిగాను.

"బోరు ఎట్ల వోస్తుందే?"

"మంచిగనే వోస్తుంది. నువ్వేం రంది వెట్టుకోకు" అంది నా భార్య.

తడుముకోకుండా చెప్పింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. పద్నాలుగేళ్ళలో చివరి రెండేళ్ళు ప్రతి పొద్దునా నేను అదే గొంతుతో మాట్లాడాను. పొలం చూపించు, ఫోన్ అటు తిప్పు అందామని నోటిదాకా వచ్చింది.

సరే అన్నాను. రెండోసారి అడగలేదు.