ఇనుము మీద నా ఐదు వేళ్లు

నా పనిలో తప్పుందని ఎవరన్నా సరే, నేనిప్పటికీ ఒప్పుకోను. శాలిబండలోని శిక్షణ స్కూల్లో ఏడాది ఫిట్టర్ పని నేర్చుకున్నాను. మా స్కూలుకూ దగ్గర్లోని ఒక కంపెనీకీ ఒప్పందం ఉండేది. చివరి మూడు నెలలు వాళ్ల కార్ఖానాలోనే నేర్పి, పరీక్షలో నెగ్గినవాళ్లను ఉద్యోగంలో పెట్టుకుంటారు.

పరీక్షకు ఇనుప ముక్కను ఆకురాయితో అద్దంలా రాకి ఇచ్చాను. "శబాష్" అన్నాడు కార్ఖానా మేస్త్రీ ఖాసిం భాయ్, ముక్కను పెట్టెలో పెడుతూ. మర్నాడు ఆ పెట్టె తెరిస్తే దానిమీద నా ఐదు వేళ్లూ తుప్పుతో అచ్చుపడి ఉన్నాయి.

"ఏందిరా, దస్తఖత్ చేసినవా?" అని తోటి విద్యార్థి నర్సింగ్ నవ్వాడు.

అతని కాలర్ పట్టుకున్నాను. "నువ్వే నీళ్లు చల్లినవ్!"

ఖాసిం భాయ్ విడదీశాడు. ముక్కను మళ్లీ మెరిసేలా రుద్ది, ఒక వైపు నా చేత, ఇంకో వైపు నర్సింగ్ చేత ముట్టించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తెల్లారి చూస్తే నేను ముట్టుకున్న వైపే తుప్పు.

"కొందరి చెమట గంతే బేటా, ఇనుమును తింటది. పని మస్తు చేసినవ్. గానీ కొలత సామాన్లు నీ చేతికి ఎట్లియ్యాలె?"

నాకు కోపం కూడా రాలేదు. నర్సింగ్‌ను మాఫీ అడగాలని తోచలేదు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ నిలబడ్డాను.

ఫిట్టర్‌గా తీసుకోలేదు గానీ ఫోన్లెత్తే పనిచ్చారు; ఇప్పుడు అదే కంపెనీ ఆఫీసులో పొద్దంతా ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. ఏడాది చేతిపని నేర్పిన స్కూలు గానీ, ఒప్పందం రాసుకున్న కంపెనీ గానీ మొదటిరోజే నా చెయ్యి పట్టి చూడొద్దా? చూడక్కర్లేదని చెప్పే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?