పద్మమ్మ ఏరుకున్న సముద్రం

తాండూరు మార్కెట్ యార్డుల కైలాసం సేటు కందుల మూట కాడికి వచ్చిండంటే ఎంత మంచి రైతుకైనా గుండె దడదడ కొట్టుకుంటది. మూట మూతి దిక్కు ఆయన కన్నెత్తి చూడడు. చొక్కా చెయ్యి పైకి మడుస్తడు, భుజం దాక మూటల దూరుస్తడు, అట్టడుగున ఉన్న గింజలు పిడికెడు గుంజుతడు. అరచేతిల పోసి ఊదుతడు, ఒక గింజ కొరుకుతడు, ఇంకోటి కొరుకుతడు, అప్పటిదాంక నోరు విప్పడు. ముప్పై ఎనిమిదేండ్ల సంది గదే పని. పైన మంచి గింజ ఎవరైనా పోస్తరు, అసలు మాల్ అడుగున ఉంటదని ఆయన లెక్క. ఆ లెక్క కందులకు మంచిదే, ఎవరు కాదంటరు? ఆయన భార్య పద్మమ్మకు వచ్చిన తిప్పలేందంటే, ఇంట్ల ఏ వస్తువు కొనాలన్నా, ఏ ఊరికి పోవాలన్నా గీ మనిషి గట్లనే భుజం దాక చెయ్యి పెడ్తడు.

ఫ్రిజ్ కొననీకె రెండు ఎండకాలాలు పట్టింది. కోడలు అంకితను చూడనీకె మర్పల్లికి మూడుసార్లు పోయిండు. మూడోసారి ఎవ్వరికి చెప్పకుంట, పొద్దున ఏడింటికే పోయి తలుపు కొట్టిండు. పాపం ఆ పిల్ల తలకు నూనె పెట్టుకొని, నోట్లె బ్రష్ పెట్టుకొని తలుపు తీసింది. "గీ పిల్ల ఖాయం" అని గుమ్మంలనే చెప్పొచ్చిండు. అంకిత ఇప్పటికీ ఆ ముచ్చట తీసి మామను ఆటపట్టిస్తది, ఆయన మీసాల కింద నవ్వుకుంటడు. నాలుగేండ్ల కింద దుబాయిల చుట్టాల పెండ్లి ఉందని అందరు పాస్‌పోర్టులు తీసుకున్నరు. ఏ విమానం మంచిదో ఈయన తేల్చేలోపల అక్కడ పెండ్లయింది, పిల్ల అత్తగారింటికి గూడ పోయింది. పాస్‌పోర్టులు మాత్రం బీరువల పట్టుచీరెల నడుమ కొత్తగ మెరుస్తున్నయి.

పద్మమ్మకు యాభై ఎనిమిదేండ్లు. కాశీ చూసింది, పండరిపురం చూసింది, శ్రీశైలానికైతే ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. పోయిన ప్రతి చోట ఏదో ఒక నది ఉన్నది గని సముద్రం లేదు. మూడేండ్ల సంది పూరీ పోదాం, పూరీ పోదాం అని అడుగుతనే ఉన్నది. ఆయన ఏ ఏడు వద్దనలే, అది గూడ చెప్పాలె. సరే అంటడు, హోటలు ఏరుడు మొదలువెడ్తడు, ఏరుడు ఒడవకముందే మార్కెట్‌కు కొత్త కందులు దిగుతయి. కందులు దిగినంక ఆయనను తాండూరు పొలిమేర దాటించుడు ఎవ్వరి తరం గాదు.

ఈ ఏడు మాత్రం పద్మమ్మకు ఆగే ఓపిక లేదు. దసరా ముందల అంకితతోని పోతే హైదరాబాద్ డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, రెండు మోకాళ్ళ చిప్పలు అరిగినయి, మార్చాల్సిందేనన్నడు. జనవరి ఇరవైకి తారీఖు ఇచ్చిండు. ఆపరేషన్‌కు ఆమె భయపడలే. కొడుకును కన్న మనిషి, కత్తికి భయపడ్తదా? ఒక్కటే మాట మనసుల పెట్టుకున్నది. కోయకముందే, దేవుడిచ్చిన ఈ కాళ్ళ మీదనే, ఒక్కసారి సముద్రంల నిలవడాలె. కోసినంక ఇసుకల నడవనిస్తరో లేదో, ఎన్నేండ్లు జాగ్రత్త అంటరో ఎవరికెరుక? నొప్పి పెట్టినా సరే, ఇయ్యి తన కాళ్ళు. ఈ మాట, ఆపరేషన్ ముచ్చట గూడ, అంకితకు ఒక్కదానికే ఎరుక. ఆయనకు చెప్తే డాక్టర్లను ఏరుడు మొదలువెడ్తడని భయం.

అటువంటి సమయంల దేవుడు చంద్రప్ప రూపంల వచ్చిండు. చంద్రప్పది కర్ణాటకల సేడం దిక్కు, తాండూరు మార్కెట్ల కమీషన్ దుకాణం. గోవా పోయొచ్చి పది రోజుల సంది అందరికి ఫోనుల ఫోటోలు చూపిస్తుండు. కైలాసానికి ఎక్కడో కాలింది. "మేము ఫారిన్ సముద్రానికే పోతున్నం" అని పదిమందిల అనేసిండు. "యావాగ?" అని చంద్రప్ప కన్నడంల అడిగిండు, ఎప్పుడని. కందులు రాకముందే అని ఈయన జవాబు. అన్న మాటను వాపస్ తీసుకునే మనిషి గాదు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పంగనే పద్మమ్మకు సంబురం ఆగలే. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలే. ఆ వెనుకనే గుండె గుభేలుమన్నది. పూరీ అంటే ఒక్క ఊరు. ఫారిన్ అంటే ఎన్ని దేశాలు, ఎన్ని ఊర్లు, ఎన్ని రిసార్టులు! గీయన అన్నింట్ల చెయ్యి పెట్టి చూసేసరికి ఈ ఏటి కందులు గాదు, వచ్చే ఏటి కందులు గూడ వస్తయి.

ఆమె అనుకున్నట్టే అయింది. కొడుకు అనిల్‌కుమార్‌కు వికారాబాదుల టైల్స్ దుకాణం. ఆదివారం వచ్చిందంటే అనిల్, అంకిత పొద్దుగాల రైలెక్కి లాప్‌టాప్ పట్టుకొని తాండూరు వస్తరు. హాల్ల సోఫా మీద కైలాసం నడుమల, అటు కొడుకు, ఇటు కోడలు. సంసారం కుదిర్చే పంచాయితీ లెక్క గంటలు గంటలు నడుస్తది.

మొదటి ఆదివారం మాల్దీవులు. నీళ్ళ మీద కట్టెల గుడిసెలు, గుడిసె కింద నీలం నీళ్ళు, చేపలు. అంకిత కండ్లు మెరిసినయి. వంటింటి తలుపు కాడ నిలవడ్డ పద్మమ్మకు గూడ కడుపు నిండినట్టయింది. కైలాసం ఫోటో దగ్గరికి జరిగి చూసి, బాత్‌రూం నీళ్ళు ఎటు పోతయని అడిగిండు. అనిల్ వెతికి వెతికి ఏదో చెప్పబోయిండు గని ఆయన వినలే. గుడిసె నీళ్ళ మీద ఉన్నది, మోరీ కనవడ్తలేదు, ఇంక నేను చెప్పాల్నా అన్నడు. మాల్దీవులు మొత్తం దేశం దేశమే ఆ మోరీల కొట్టుకపోయింది.

రెండో ఆదివారం బాలి. రిసార్టు ముందలనే బీచ్ అని రాసి ఉన్నది. కైలాసం నమ్మలే, పైనుంచి తీసిన మ్యాపు తెరిపిచ్చిండు. రిసార్టుకు, సముద్రానికి నడుమ లారీలు తిరిగే రోడ్డు బయటవడ్డది. ఇది మాత్రం ఆయన గెలుపే, ఒప్పుకోవాలె. ఆ గెలుపుతోని ఇంకా రెచ్చిపోయి, వేరే రిసార్టుకు ఇసుక శాంపిల్ పార్సిల్ పంపుమని రాయించిండు. రిసెప్షన్ పిల్ల రెండుసార్లు నవ్వు బొమ్మలు పంపి, మూడోసారికి జవాబిచ్చుడు బంద్ చేసింది.

మూడో ఆదివారం థాయ్‌లాండ్. అక్కడ మన భోజనం దొరుకుతదన్నరు, వంటాయనను వీడియో కాల్ల పిలిచిండ్రు. ఆయన బీహార్ మనిషి, పాపం మర్యాదస్తుడు. కైలాసం పప్పు చూపియ్యుమన్నడు. ఆయన డబ్బా తెచ్చి పైపప్పు చూపిచ్చిండు. అడుగు పప్పు చూపియ్యుమన్నడు. వంటాయన అంత పెద్ద డబ్బా వంచి, అడుగున చెయ్యి పెట్టి, పిడికెడు తీసి కెమెరా ముందల పరిచిండు. కైలాసం కండ్లద్దాలు సర్దుకొని, ఇది బర్మా కంది, మనది గాదు అని తేల్చిండు. తాండూరు కందిపప్పు తిని పెరిగిన మనిషి వేల మైళ్ళు పోయి బర్మా పప్పు తినాల్నా అని ఆయన బాధ. అనిల్ తల పట్టుకున్నడు.

పద్మమ్మ వంటింట్ల గిన్నె సప్పుడు చేసింది. మామూలు సప్పుడు గాదు, అందరికి వినవడేటట్టే చేసింది. కోపం ఒకదిక్కు, ఏడుపు ఒకదిక్కు వస్తున్నది. నీ మామ సముద్రాన్ని ఇంటికి తెప్పించుకొని కొరికి చూసేదాక కదలడు బిడ్డా అని అంకిత కాడ మొత్తుకున్నది. అంకిత నవ్వింది గని, అత్త ముఖం చూసి నవ్వు ఆపింది. దీపావళి పోయి పది రోజులైంది. పద్మమ్మ క్యాలెండర్ల జనవరి ఇరవై దాక వేళ్ళు పెట్టి చూసుకున్నది.

నాలుగో ఆదివారం కైలాసమే కొత్త ఉపాయం తీసిండు. మంచి మాటలు ఎవరైనా రాస్తరు, ఒక్కొక్క రిసార్టు గురించి పోయొచ్చినోళ్ళు రాసిన తిట్లు మాత్రమే చదువుమన్నడు. అడుగు మాల్ అదే గదా! అంకిత ఒక్కొక్కటి చదువుతున్నది, ఈయన తీసెయ్ తీసెయ్ అంటుండు. మధ్యాహ్నం దాక పదకొండు రిసార్టులు పోయినయి. పన్నెండోది శ్రీలంకల, దక్షిణం కొసకు, ఒక చేపల ఊరి పక్కన. తొమ్మిదే గదులు. అంకిత తిట్లు చదివింది.

రాత్రంత అలల సప్పుడు, కన్ను మూతవడలేదని ఒకాయన రాసిండు. గదులల్ల టీవీ లేదని ఒకామె. ఫోన్ సిగ్నల్ రాదు, సముద్రం తప్ప చూసేటందుకు ఏం లేదు, రెండు దినాలకే విసుగొచ్చిందని ఇంకొకాయన. వండే పెద్దామె అడిగింది పెట్టదు, తాను వండిందే పెడ్తది, చాలన్నా వినకుంట మళ్ల వడ్డిస్తది అని ఒకాయన ఇంత పొడుగు రాసిండు. తలుపు తీస్తే ఇసుకనే, నాలుగడుగులకే నీళ్ళు, చిన్నపిల్లలున్నోళ్ళు పోవద్దని ఆఖరుది.

"తీసెయ్" అన్నడు కైలాసం.

"తియ్యకు" అన్నది పద్మమ్మ.

తడి చేతులతోని హాల్లకు వచ్చి నిలవడ్డది. ముప్పై ఆరేండ్ల సంసారంల ఆయన ఏరుతున్నప్పుడు ఆమె నడుమల మాట్లాడుడు ఇదే మొదలు. అందరు ఆమె దిక్కే చూసిండ్రు. కైలాసం పరేషాన్ అయ్యి, వినవడలేదా, అన్ని తిట్లే గదా అన్నడు.

"వినవడ్డది. అడుగున చెయ్యి పెట్టి తీసిండ్రు గదా మీరే. అడుగు మాలే గింత మంచిగున్నది, ఇంక పైమాల్ చూసుడెందుకు?"

కైలాసం లాప్‌టాప్‌ను తన దిక్కు గుంజుకొని ఆ తిట్లు మళ్ల చదువుకున్నడు. ఇంటెనుక పప్పు మిల్లు సప్పుడు, బండలు కోసే మిషన్ల సప్పుడు విని విని చెవులు తూట్లు వడ్డ మనిషికి అలల సప్పుడు తిట్టా? ఇన్నేండ్లు అందరికి వండి వడ్డిచ్చినామెకు, చాలన్నా వినకుంట వడ్డిచ్చే ఇంకొకామె ఉంటే అది గూడ తిట్టా? ఇవన్ని పద్మమ్మ అడగలే. ఆమె ముఖమే అడుగుతున్నది.

ఆయన ఆఖరు ప్రయత్నం చేసిండు. సిగ్నల్ రాదట, మార్కెట్ రేట్లు ఎట్ల తెలుస్తయన్నడు. బుకింగోళ్ళకు చేసి పప్పు ఫోటో ఒక్కటి తెప్పిస్తనని ఫోన్ చేతికి తీసుకున్నడు.

"జనవరిల నా మోకాళ్ళు కోస్తరు" అన్నది పద్మమ్మ. "దానికి ముందల నా కాళ్ళతోని నేను సముద్రంల నిలవడాలె. ఈ సముద్రం తప్ప ఎన్నడు మిమ్మల్ని ఏం అడగలే. గిదొక్కటి నేను ఏరుకుంట."

కైలాసం ఫోన్ టీపాయ్ మీద పెట్టిండు. ఆమె మోకాళ్ళ దిక్కు చూసిండు. ఎన్ని మూటల అడుగు చూసిన మనిషి, పక్కన పండుకునే మనిషి మనసుల గింత మాట ఉందని తెలుసుకోలే. ఆయనకు సిగ్గయింది. పట్టింపులేమి లేకుంట ఒప్పుకున్నడు. ఎన్ని దినాలకు బుక్ చేయాల్నని అనిల్ అడిగితే, నన్నెందుకు అడుగుతవు, మీ అమ్మను అడుగు అన్నడు. పద్మమ్మ ఏడు దినాలన్నది. ఎందుకైనా మంచిదని, తండ్రి మారు మాట చెప్పేలోపలనే అనిల్ బటన్ నొక్కిండు.

డిసెంబర్ మొదటి వారంల ఇద్దరే పోయిండ్రు. విమానంల కైలాసం నడుముకు కట్టుకున్న బెల్టును గట్టిగున్నదా లేదా అని దారి పొడుగుత గుంజి గుంజి చూసిండు. రిసార్టుల వండే పెద్దామె తెల్ల జుట్టుతోని బొద్దుగ ఉన్నది. తెలుగు రాదు, హిందీ రాదు, అయినా పద్మమ్మతోని గంటలు మాట్లాడింది. ఆమె పెట్టింది ఎర్రపప్పు, కొబ్బరిపాలు పోసి వండింది. కైలాసం రెండుసార్లు వేయించుకున్నడు, కంది ముచ్చట ఎత్తలే.

మొదటి రోజు పొద్దున్నే పద్మమ్మ చీరె కుచ్చిళ్ళు ఎగచెక్కుకొని, మోకాళ్ళకు కట్టిన పట్టీలు విప్పేసి, ఇసుకలకు దిగింది. ఒక్కొక్క అడుగుకు నొప్పి పెడ్తనే ఉన్నది. ఆమె ఆగలే. చీలమండల దాక, పిక్కల దాక, మోకాళ్ళ దాక నీళ్ళు. పెద్ద అల వచ్చి తాకి వాపస్ పోతుంటే కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. ఆమె కాళ్ళు మాత్రం నిలవడ్డయి. గట్టిగ నవ్వింది. ఇంట్ల ఎవ్వరు ఎన్నడు వినని నవ్వు అది.

ఒడ్డున చెప్పులు చేతుల పట్టుకొని నిలవడ్డ కైలాసం ఆమె పడ్తదని భయపడి, చెప్పులు పారేసి, ప్యాంటు తడిసినా చూసుకోకుంట పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నడు. ఇంకో అల వచ్చి పోయింది. ఆయన కాళ్ళ కింద ఇసుక గూడ జారింది. ఆయన తూలిండు, ఆమె చెయ్యిని రెండు చేతులతోని పట్టుకున్నడు. పద్మమ్మ ఆయన దిక్కు చూసింది.

"భయపడకుండ్రి, నేనున్న" అన్నది.