ఆపేసిన ట్రిగ్గర్

నాలుగేళ్ల క్రితం వాకాడు వైపు ఒక మత్స్యకారుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. తుఫాను హెచ్చరిక వచ్చిన ఉదయం, అప్పుడే వేటకు బయల్దేరిన పడవల జాబితాను డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక్కో పేరు ఎక్కగానే, ట్రిగ్గర్ అనే చిన్న ప్రోగ్రామ్ దానంతటదే ఆ పడవకు హెచ్చరిక మెసేజ్ పంపుతుంది. అందువల్ల పని నెమ్మదిగా సాగుతోంది.

"ఏందమ్మా, నత్త మాదిరి? పైవాళ్లు జాబితా అడగతా ఉండారు. ఆ ట్రిగ్గర్ ఆపెయ్," అన్నాడు మేనేజర్.

"ఆపితే మెసేజ్‌లు పోవు సార్."

"నాకే నేర్పిస్తా ఉండావే! అవి తర్వాత పంపుకోవచ్చు, నువ్వు కుర్చీలోంచి లెయ్."

నేను లేచాక ఆయనే కూర్చుని ఆపేశాడు. జాబితా నిమిషాల్లో ఎక్కింది. నేను చేత్తో మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టేసరికి పడవలు సిగ్నల్ దాటిపోయాయి. ఒకటి తిరిగి రాలేదు.

"మా ఆయనకి మెసేజ్ ఎందుకు రాలేదు సార్?" అని ఆ పడవలో వెళ్లినతని భార్య వచ్చి అడిగితే, మేనేజర్ నావైపు వేలు చూపించాడు.

ఆ వేలిని నేను మరవను, క్షమించను. కానీ ఆయన లెమ్మనగానే కుర్చీ వదిలింది నేనే.