రంగు కారని సౌండ్

మా ఇంటాయన, మా మరిది ఇద్దరూ గిటార్ వాయిస్తరు. పోచంపల్లి మగ్గాల ఇంట్ల పుట్టిన్రు. దిల్‌సుఖ్‌నగర్‌ల మా మామ చీరల దుకాణం పెడితే, దాని మీది అర్రల కూసొని పాత ఇంగ్లీషు రాక్ పాటలు నేర్చుకున్నరు. మరిది ముందట రాగం తీస్తడు. మా ఆయన వెనక నుంచి జక్ జక్ అని పట్టుకుంటడు, దాన్ని రిథమ్ అంటరు. నేను కొత్త కోడలుగ ఒచ్చేనాటికి చీరల మూటల నడుమ గిటార్ సప్పుడు పెంచే ఒక పెద్ద యాంప్ ఉండేది. ఇద్దరి గిటార్ల వైర్లు దాంట్లకే పోయేటియి.

వనస్థలిపురం ఇంటికి మారినప్పుడు జాగా లేదని మా ఆయన ఆ యాంప్ ఎవరికో ఇచ్చేసిండు. తమ్ముణ్ని అడగలే. "మన సౌండ్ ఇచ్చేసినవ్ గదా అన్నా" అన్నడు మరిది. కొట్లాట ఏం కాలే. తుర్కయంజాల్‌ల ఉంటడు, పండుగకు ఒస్తడు, తింటడు, పోతడు. అన్న పక్కన గిటార్ మాత్రం మళ్ళ పట్టలే.

ఇప్పుడు మా బిడ్డ పెండ్లి కుదిరింది. ఎల్బీనగర్‌ల ఫంక్షన్ హాల్ మాట్లాడినం. రిసెప్షన్‌ల నాయిన, చిన్నాయిన కలిసి ఒక్క పాట కొట్టాలన్నది బిడ్డ. ఆమె కంటె మా ఆయనకే ఆశ ఎక్కువ. ఫోన్ చేస్తే మరిది ఒకటే మాట అన్నడు. "ఆ సౌండ్ మళ్ళ తియ్యి, ఒస్త. లేకుంటే డీజే పెట్టుకో."

ఇగ మా ఆయన చైతన్యపురి దిక్కు ఒక దుకాణంల దొరికిన అసొంటిదే పాత యాంప్ పట్టుకొచ్చిండు. ట్యూబుల యాంప్ అంటే నేను ట్యూబ్‌లైట్ అనుకున్న. వెనక చూస్తే చిన్న గాజు బుగ్గలు, జీరో బల్బంత వెలుగు లేదు. అవి కాగితేనే సౌండ్‌ల ఆ పాత గరుకు ఒస్తదట. గిటార్‌కు లావు తీగలు కట్టిండు. గరుకు పెంచెటందుకు కాలితోని తొక్కే డబ్బా ఒకటి పెట్టిండు. అదే పనికి యాంప్ మీదున్న గెయిన్ అనే నాబ్ మొత్తం తిప్పి కొట్టిండు. ఇల్లంత గుర్రుమంది.

కింది పోర్షన్ల ఉండే గుంటూరామె పైకొచ్చింది. "అక్కా, మీ గ్రైండర్ మోటారు కాలుతున్నట్టుందండి, స్విచ్ ఆపెయ్యండి."

మా ఆయన ఆమెను పట్టించుకోలే. తమ్మునికి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి యాంప్ ముందట పెట్టి కొట్టిండు.

"అన్నా, రంగు కారింది" అని పెట్టేసిండు మరిది.

మా దిక్కు చీర నేసేముందు నూలును అక్కడక్కడ గట్టిగ కట్టి రంగుల ముంచుతరు. కట్టిన కాడ తెలుపు తెలుపే ఉంటది. కట్టు వదులైనా, రంగుల ఎక్కువసేపు నానినా ఎరుపు తెల్లదాంట్లకు పాకుతది. నేసినంక చీర మీది చిలుక కాస్త మరకైతది. మా ఇంట్ల అన్నం ముద్దయినా రంగు కారిందనే అంటం.

మా ఆయన "ఎక్కువ ముంచిన" అన్నడు. డబ్బా తీసి పక్కకు పెట్టిండు. గెయిన్ సగానికి కింద దించిండు, వాల్యూమ్ పెంచిండు. చేత్తోనే గట్టిగ కొట్టిండు. గరుకు ఉంది, కని ఏ తీగకు ఆ తీగ ఇనొచ్చింది. నాకు సుత తేడా తెలిసింది.

మళ్ళ ఫోన్ చేసిండు. అట్లనే యాంప్ ముందట పెట్టి కొట్టిండు.

"వదినా" అన్నడు మరిది. "గా లావు తీగ బొంగురు పోతుంది. బేస్ జర తగ్గియ్యమను."

"పక్కనే ఉన్నడు, నువ్వే చెప్పరాదు?"

"చెప్తే తిప్పుతడా ఆయన? నేనే ఒచ్చి తగ్గిస్త."

స్కూటర్ మీద గిటార్ ఏసుకొని ఒచ్చిండు. అన్నను పలకరియ్యలే. సక్కగ యాంప్ కాడ కూసొని బేస్ నాబ్ ఇంతంత తిప్పిండు. మా ఆయన తన వైరు కొంచెం జరిపి, "రెండో వైరుకు జాగుంది" అన్నడు. మరిది తన వైరు పెట్టిండు.

నేను చాయ్ పెడితే వాయించుడుల పడి ఇద్దరూ తాగలే, సల్లారింది. కిందామె మళ్ళ ఒచ్చింది.

"గ్రైండర్ బాగయిందాండి?"

"బాగైంది" అని చెప్పిన.